యమున పథ్యం

పుంగనూరులో మా వీధిలో రాజమ్మక్క ఇంటి ముందు చెప్పులు విడిచేవాళ్లలో సగం మంది రాజమ్మక్క కోసం రారు, బంగారి కోసం వస్తారు. బంగారి అంటే ఆవు. మా ఊరి పొట్టి జాతి. నేనే పొట్టిదాన్నంటే, నా నడుము దాకా కూడా రాదది. పరీక్షలకు పోయే పిల్లలు దాని వీపు తాకి చెయ్యి కళ్లకద్దుకొని పోతారు. మోకాళ్ల నొప్పులకు దాని పాలు మంచివని రాజమ్మక్క చెప్తే రెండేళ్లుగా నేనూ రోజుకొక గ్లాసు తాగుతున్నాను. మోకాళ్లు అట్లనే ఉన్నాయి, రవికలు మాత్రం బిగుతయ్యాయి. ఆ మాట రాజమ్మక్క ముందు ఎప్పుడూ అనలేదు. మా వీధిలో ఎవరూ అనరు.

ఆ ఇంటి కోడలే యమున. మదనపల్లె పిల్ల. వాళ్లమ్మ గోవిందమ్మ అక్కడి టమోటా మార్కెట్లో కాయలు ఏరే పని చేస్తుంది. పుచ్చులు ఒక పక్క, పచ్చివి ఒక పక్క, పండ్లు ఒక పక్క. ఆ గుట్టల మధ్యనే పెరిగింది కాబట్టి యమునకు టమోటా అంటే కూరగాయ కాదు, పండు. పెండ్లయి వచ్చిన కొత్తలో పెరటి గుమ్మంలో నిలబడి ఉప్పద్దుకొని కొరికేది. రసం మోచేతి దాకా కారితే నాలుకతో తుడుచుకొని, పక్కింట్లోంచి నేను చూశానని తెలిసి, సిగ్గుతో లోపలికి పరుగెత్తేది. మొగుడు మునిచంద్ర కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిషు మిషను మీద పని. పదైదు రోజులకొక ఆదివారం వచ్చి పోతాడు.

పురిటికి పుట్టింటికి పోయిన యమున, మూడో నెల నిండినాక బిడ్డతో తిరిగొచ్చింది. ఆడబిడ్డ, జాహ్నవి. వచ్చిన రోజు నేనెత్తుకుంటే నా గొలుసు పట్టి లాగి నవ్వింది. ఆ నవ్వు మళ్లీ చూడ్డానికి చాలా రోజులు పట్టింది.

పది రోజులు తిరక్కముందే ఏడుపు మొదలైంది. పాలు తాగుతూ తాగుతూ రొమ్ము విడిచి, వెనక్కి విరుచుకొని, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకొని ఏడ్చేది. పొట్ట తడితే డప్పు. విరేచనం పచ్చగా, జిగటగా. బుగ్గల మీద ఎర్రటి పొక్కులు. వాము కాపడం పెట్టాం. బొడ్డు చుట్టూ ఇంగువ రాశాం. మెడికల్ షాపులో అడిగితే గ్యాసుకు చుక్కల మందిచ్చారు. దిష్టి తీసి తీసి మా వీధిలో ఎండుమిరపకాయలు తరిగిపోయాయి. ఏదీ పని చెయ్యలేదు.

బాలింత తిన్నదే బిడ్డకు పోతుందని మా వైపు గట్టి నమ్మకం. కాబట్టి బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ యమున కంచంలోంచి ఒకటి లేచిపోయింది. మొట్టమొదట టమోటా, పులుపని. తర్వాత కందిపప్పు, వాయువని. శెనగవిత్తనాల చట్నీ పైత్యమట. వంకాయ గురించి అడగనే అక్కర్లేదు. రాగిసంగటి బరువని ఎదురింటామె చెప్పింది. గుమ్మడికాయ మాన్పించింది మాత్రం నేనే. నాకు గుమ్మడికాయ మీద ఏ కోపమూ లేదు. అందరూ తలా ఒకటి చెప్తుంటే నేనొక్కదాన్నే ఊరికే కూర్చోవడం బాగుండదని చెప్పాను.

చివరికి మెత్తటి అన్నం, మిరియాల కారం, నెయ్యి మిగిలాయి. దాంతో మనిషి నిలబడదు గదా, అందుకని బంగారి పాలు. పొద్దున ఒక గ్లాసు, మధ్యాన్నం ఒకటి, సాయంత్రం ఒకటి. కంచం ఖాళీ అయ్యేకొద్దీ గ్లాసు నిండింది. పాపం, రాజమ్మక్క తను తాగడం కూడా మానేసి కోడలికి పోసింది.

ఒకరోజు గోవిందమ్మ ఫోన్లో, "ఈడున్నప్పుడు బిడ్డ బాగానే ఉండ్యా గదమ్మా" అనింది. అంతే. రాజమ్మక్క ఫోను లాక్కుంది.

"అంటే ఏంది వదినా? మా ఇంట్లో ఏమన్నా ఇషం పెడతాండామా? ముప్పొద్దులా బంగారి పాలు పోస్తాండా నీ కూతురికి. మీ ఊర్లో దొరకతాయా అట్లాటి పాలు?"

"అయ్యో, నేనట్ల అన్లేదు వదినా" అని గోవిందమ్మ ఫోను పెట్టేసింది. ఆమె టీలోకి తప్ప పాలు కొనే మనిషి కాదు. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

ఇంక కంచంలో తీసెయ్యడానికేమీ లేకపోయేసరికి, అందరి చూపూ యమున మీదికే తిరిగింది.

"వేడి పాలు గావచ్చు" అనింది రాజమ్మక్క ఒక మధ్యాన్నం. "మా అవ్వ సూసేది. బాలింత పాలల్లో సీమను ఏస్తే, బతికితే మంచి పాలు, సస్తే బిడ్డకు పడవు. మే, ఒక సీమను తే."

ఆ 'మే' నేను. చాలా రోజుల తర్వాత నాకొక పని దొరికింది. ఉత్సాహంగా ఇంటికి పోయి, చక్కెర డబ్బాలోంచి బాగా బలంగా ఉన్న నల్ల చీమను ఏరి, అగ్గిపెట్టెలో వేసి తెచ్చాను. బలమైందైతే యమున గెలుస్తుందని నా తెలివి. యమున గోడవైపు తిరిగి ఉగ్గుగిన్నెలోకి పాలు పిండింది. చీమను వదిలాం. అది గిన్నె అంచు చుట్టూ ఒకసారి తిరిగింది. రెండోసారి కాళ్లు కొట్టుకుంది. తర్వాత కదల్లేదు. యమున అట్లా గోడవైపే ఉండి, "ఏమాయ, చిన్నత్తా?" అని నన్ను అడిగింది. నేను గిన్నెను కొంగు చాటుకు లాక్కున్నాను.

రాజమ్మక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె గయ్యాళి అయ్యుంటే ఈ కథ చెప్పడం నాకు సులభంగా ఉండేది.

"నీ తప్పేం లేదు తల్లీ. నీ పాలు దానికి పడలా, అంతే. మాన్పించేస్తాం. బంగారి పాలు పడితే బిడ్డ తేరుకుంటాది."

"ఇంగొక్క వారం సూస్తా అత్తా" అనింది యమున. "అన్నం గూడా మానేస్తా."

ఆ మాటకు మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. బిడ్డ ఏడ్చింది. ఏడుస్తున్న బిడ్డ ముందు వారం రోజుల గడువు ఎవరిస్తారు?

మరుసటి రోజు రాజమ్మక్క గోడ మీదనుంచి మల్లెపూలడిగింది. మా పెరట్లో తీగ ఉంది. ఎండాకాలం, విరగబూసింది. నాలుగు మూరలు కట్టి తీసుకుపోయాను. యమున వాకిట్లో కూర్చోనుంది. నా నోరు ఊరుకోదు గదా.

"ఏమ్మా, నాలుగు మూరలంట! మా మునిచంద్ర ఆదివారం దాకా ఆగలేకపోతాండాడా ఏమి?"

యమున నా వైపు చూసింది. కోపంగా కాదు. అర్థం కాని భాషలో మాట్లాడుతున్న మనిషిని చూసినట్టు చూసింది. లోపలినుంచి రాజమ్మక్క పాత చీర చించుకొని వచ్చింది, పట్టీకి. మల్లెపూలు రొమ్ములకు కట్టి గట్టిగా బిగిస్తే పాలు ఇంకిపోతాయి. మా వైపు బిడ్డ పోయిన తల్లులకు అట్ల చేస్తారు. నాకు తెలియనిది కాదు. తెలిసీ ఆ మాటన్నాను. పూలిచ్చేసి, చెప్పులు మరిచి ఇంటికొచ్చాను.

పూలు ప్రతి రోజూ మారుస్తారు. కాబట్టి ప్రతి రోజూ కట్టిచ్చాను. పూలియ్యనని చెప్పడానికి తగిన మాట నాకు దొరకలేదు.

బిడ్డకు బంగారి పాలలో సగం నీళ్లు కలిపి పట్టారు. తేరుకోలేదు. పొక్కులు మెడ దాకా పాకాయి. ఏడవడానికి కూడా ఓపిక తగ్గి, సన్నగా మూలిగేది. యమున రవిక తడిసిపోయి, పక్కగదిలో చెవులు మూసుకొని కూర్చొనేది. నాలుగో రోజుకు తడి తగ్గింది. ఎనిమిదో రోజుకు ఆరిపోయింది.

తొమ్మిదో రోజు ఆదివారం. మునిచంద్ర వచ్చి, బిడ్డ గుడ్డ మార్చబోయి ఆగిపోయాడు.

"అమ్మా, ఇది నెత్తురు."

"వేడి చేసిందిలేప్పా…"

"నెత్తురమ్మా!" అని అరిచాడు. ఆ పిల్లోడు వాళ్లమ్మ మీద అరవగా నేనెప్పుడూ వినలేదు.

కుప్పంలో వాళ్ల ఫ్యాక్టరీ వాళ్లు చూపించే పిల్లల డాక్టరమ్మ ఉందని, దొరికిన బస్సెక్కాం. బంగారికి పాలు పితికే వేళ దాటుతుందని రాజమ్మక్క రాలేదు. సంచి పట్టుకోడానికి నేను పోయాను. గంగవరం దగ్గర బిడ్డ మళ్లీ మూలగడం మొదలుపెట్టింది. వెనక సీట్లో ఒక పెద్దామె ముందుకు వంగి, "పాలియ్యమ్మా, ఊరుకుంటాది. తల్లివి గాదా?" అనింది. మంచిగానే అనింది. యమున కొంగు కప్పుకొని బిడ్డను రొమ్ముకు ఆనించుకుంది. పలమనేరు స్టాండు వచ్చేదాకా అట్లా ఇస్తున్నట్టు కూర్చుంది. మునిచంద్ర కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను సంచిలో ఏమీ లేకపోయినా వెతుక్కుంటున్నాను.

డాక్టరమ్మ చిన్న వయసు. బిడ్డను చూసి, గుడ్డ చూసి, యమునను అడిగింది.

"నీ తిండేమి?"

యమున మానేసినవన్నీ చెప్పింది. టమోటా, పప్పు, చట్నీ, వంకాయ, సంగటి, గుమ్మడికాయ. గుమ్మడికాయ దగ్గర నేను తల దించుకున్నాను.

"అవన్నీ మానేసినావు, సరే. ఏం తీసుకుంటాండావు?"

"అన్నం. నెయ్యి. పాలు మూడు గ్లాసులు. మాది పుంగనూరు ఆవు మేడం, మంచి పాలు. ఇప్పుడు బిడ్డకు గూడా అవే పడతాండాం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "పాలు మంచివేనమ్మా. ఈ బిడ్డకే పడవు. నువ్వు తాగిన ఆవుపాల సారం నీ పాలగుండా పోయి దాని కడుపులో గాయం చేస్తాండాది. ఇప్పుడు నేరుగా పట్టేసరికి నెత్తురు పడింది. ఏమీ భయం లేదు. నువ్వు పాలు, పెరుగు, నెయ్యి మానెయ్. మిగతావన్నీ తిను. బిడ్డకు నీ పాలే ఇయ్యి. దానికంటే మందు లేదు."

యమున కొంగు రొమ్ముల మీదికి లాక్కుంది.

"నాకు లేవు మేడం."

"ఎన్ని దినాలాయ?"

"తొమ్మిది."

నా తలలో మల్లెపూలున్నాయి. మెల్లగా తీసి చేతిసంచిలో వేసుకున్నాను. వాసన మాత్రం ఆ గదిలోంచి పోలేదు.

డాక్టరమ్మ ఇట్లాంటి బిడ్డలకని ప్రత్యేకంగా చేసిన డబ్బాపాలు రాసిచ్చింది. గంటగంటకూ బిడ్డకు రొమ్ము పట్టించమని, పాలు మళ్లీ రావచ్చని, రాకపోవచ్చని చెప్పింది. యమున 'రావచ్చు' వరకే విన్నట్టుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా చెవి దగ్గర, "వస్తాయంట గదా చిన్నత్తా" అని మూడుసార్లు అడిగింది.

రాజమ్మక్క నమ్మలేదు. "నా బంగారినే అంటారా? ఆ తల్లి పాలు తాగి ఎంతమంది బతికినారు!" అని ఏడ్చింది. మరుసటి పొద్దున నేను అగ్గిపెట్టెలో రెండు చీమలు తీసుకుపోయాను. ఆమె ఎదురుగానే ఒక గిన్నెలో బంగారి పాలు, ఒక గిన్నెలో కొళాయి నీళ్లు పోసి చెరొకటి వదిలాను. పాలలోది ముందు చచ్చింది. నీళ్లలోది ఇంకొంచెంసేపు కొట్టుకొని చచ్చింది. రాజమ్మక్క గిన్నెల్లోకి వంగి చూసింది.

"ఈత రాక సచ్చింది గదే" అనింది.

ఔనక్కా అన్నాను. ఈ పని ఆ రోజే చేసుండాల్సింది. ఆ రోజు నాకు చీమను పట్టుకొచ్చే తెలివే తప్ప ఇంకో తెలివి లేకపోయింది.

రాజమ్మక్క ఆ తర్వాత కోడలి ముందు గట్టిగా మాట్లాడలేదు. మెంతులు, వెల్లుల్లి, ఎవరేం చెప్తే అది వండిపెట్టింది. యమున గంటకొకసారి బిడ్డను రొమ్ముకు ఆనించుకొనేది. నాలుగు చుక్కలు, ఒక్కోసారి ఐదు. ఇరవై రోజులట్లా గడిచాయి. డబ్బాపాలతో బిడ్డ పొట్ట మెత్తబడింది, పొక్కులు మానిపోయాయి. సీసాకు అలవాటుపడి రొమ్ము చూస్తే ముఖం తిప్పేసుకునేది. ఒకరోజు నేను పోయేసరికి సీసా వదిలి నన్ను చూసి నవ్వింది, నా గొలుసు పట్టి లాగింది. నేను సంతోషంగా అరిచాను. యమున రవిక హుక్కులు పెట్టుకుంటూ మెల్లగా అనింది.

"కడుపునొప్పితో ఏడ్సినప్పుడన్నా నన్నే ఎతుక్కొనేది చిన్నత్తా. ఇప్పుడు ఎవురు పట్టినా తాగతాది."

ఆ రోజు తర్వాత ఆమె బిడ్డను రొమ్ముకు ఆనించలేదు. మా తీగ ఆ ఏడు ఆషాఢం దాకా పూస్తూనే ఉంది. కొయ్యబుద్ధి కాలేదు, పూలు కిందే రాలి ఎండిపోయాయి.

మొన్న గోవిందమ్మ మదనపల్లె నుంచి వచ్చింది, ఒక బుట్ట టమోటాలతో. బాగా పండినవి, ఒక్క పుచ్చు లేకుండా తనే ఏరినవి. రాజమ్మక్క ఒక పండు కడిగి, నాలుగు ముక్కలు కోసి, ఉప్పు చల్లి కోడలి ముందు పెట్టింది.

"తినమ్మా. ఇంగ నువ్వేం తిన్నా బిడ్డకేమీ గాదు."

గోవిందమ్మ నేల చూసింది. తనేం అనిందో రాజమ్మక్కకు అప్పుడు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బంగారి దగ్గరికి పోయింది.

బిడ్డ ఉయ్యాలలో నిద్రపోతోంది, కాళ్లు చాపుకొని. యమున ఒక ముక్క తీసుకొని కొరికింది. రసం మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. తుడుచుకోలేదు.