గోదారి పెరుగుతుంటే చేపలు చూడబోయినం

మా ఆయనకు వారం రోజులు లీవ్ దొరికిందంటే నేను ముందు నమ్మలేదు. సారపాక పేపర్ మిల్లులో షిఫ్టు డ్యూటీ. పండగొచ్చినా పబ్బమొచ్చినా మిషన్ ఆగదు. అట్లాంటిది ఆగస్టులో ఒకనాడు డ్యూటీ దిగొచ్చి, చెప్పులన్నా విడవకుండా, "విశాఖపట్నం పోతున్నం, బట్టలు సర్దు" అన్నడు.

మా చిన్నోడు అప్పుడు మూడో తరగతి. వాడికి సముద్రం అక్కర్లేదు, చేపలు కావాలె. బళ్లో టీచర్ చూపించిన పుస్తకంలో సముద్రపు గుర్రం బొమ్మ చూసినప్పటి నుంచి ఒకటే పాట. "నిజంగ ఉంటదా అమ్మా? మొగదే పిల్లల్ని మోస్తదంట!" విశాఖలో బీచ్ పక్కనే అక్వేరియం ఉందనీ, అందులో అవి ఉంటయనీ వాళ్ల నాన్న చెప్పిండు. ఇంక వాడు కాలు నిలవనియ్యలేదు. ఆరో తరగతి చదివే పెద్దపిల్ల మాత్రం, "నాకు బీచ్ చాలు" అంది.

నా మనసు ఇంకోచోట ఉంది. అమ్మ భద్రాచలంలో, కరకట్టకు అవతల, ఏటివైపు కాలనీలో ఒక్కతే ఉండేది. క్రైస్తవ మిషన్ దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. మేం బయల్దేరే రోజుకే గోదారి మొదటి ప్రమాద హెచ్చరిక మట్టం దాటింది. పొద్దున్నే సారపాక నుంచి గోదారి మీది వంతెన దాటి పోయి అమ్మను అడిగిన.

"ఈ వారం మా క్వార్టర్ల ఉండమ్మా."

"కోళ్లనేం జేయాలె?"

"కోళ్లను గూడ తీస్కపోదాం."

"గోదారి ఏటేటా వస్తది, పోతది. దానికోసం ఇల్లిడిసి పోతమా? మీరు పోయి రాండ్రి. పిలగాండ్లను ఆశపెట్టి ఆపకు."

వినదని నాకు తెలుసు. కానీ నేను కూడా గట్టిగ పట్టుబట్టలేదు. ఎక్కడో లోపల నాకూ సముద్రం చూడాలనే ఉంది. ఇప్పటికీ నా మీద నాకు కోపమొచ్చేది అక్కడే.

ఖమ్మంలో రైలెక్కినం. విశాఖలో దిగేసరికి వాన. మొదటి రోజు సముద్రం రేగి ఉందని పోలీసులు ఎవర్నీ దిగనియ్యలేదు. పిల్లలు ఒడ్డున మొక్కజొన్న పొత్తులు తింటుంటే నేను ఎస్టీడీ బూత్ చుట్టూ తిరిగిన. అమ్మకు ఫోన్ లేదు. పక్కింటోళ్లకు చేస్తే గంట మోగుతనే ఉంది, ఎత్తేటోళ్లు లేరు. పది నిమిషాలాగి మళ్లీ చేసిన. మళ్లీ అంతే.

"అందరూ పనుల మీద పోయి ఉంటరు" అన్నడు మా ఆయన. అంటనే, ఆయన కూడా ఫోన్ వంకే చూస్తున్నడు.

రెండో రోజు అక్వేరియానికి పోయినం. లోపల చీకటి. గోడల పొడుగునా గాజు పెట్టెలు, వాటిల్లో లైట్లు, జనం చేతుల్లో నీళ్లోడే గొడుగులు. మా చిన్నోడు ప్రతి పెట్టె ముందూ ఆగి, కింద రాసున్న పేరు కూడబలుక్కుని చదివితే గానీ కదలడు. చారల చేపలు, పళ్లెమంత చేపలు, ముళ్లు నిక్కపొడుచుకున్న చేపలు. వాడు వేలు పెట్టి చూపిస్తుంటే "అవ్, అవ్" అంటున్న గానీ, ఏదీ నా కంటికి ఆనలేదు. నిలబడ్డ కాడ కాళ్లు మార్చుకుంటున్న. మంచినీళ్ల కోసమని చెప్పి బయటికొచ్చిన.

టికెట్లిచ్చే కిటికీ లోపల చిన్న టీవీ పెట్టుకున్నరు. అందులో భద్రాచలం కనబడ్డది. రెండో హెచ్చరిక కూడా దాటిందంట, కరకట్ట అవతలి కాలనీల్లో జనాన్ని పడవల్లో తీస్తున్నరంట. ఒక పడవలో తెల్లచీర ముసలామె, ఒళ్లో గంప. మొహం కనబడేలోపల బొమ్మ మారిపోయింది.

లోపలికి పరుగెత్తిన. "పదండి, పోదాం."

"ఏమైంది?"

"కాలనీ మునిగింది. టీవీల చూపిస్తున్నరు. ఇప్పుడే పోవాలె."

చిన్నోడు గాజు పెట్టె ముందరి ఇనుప కడ్డీ పట్టుకున్నడు. "ఇంకొక్క గది ఉందమ్మా. గుర్రాలు అందులనే ఉన్నయంట."

"గుర్రాల్లేవు, గాడిదల్లేవు. నడువు!"

వాడు కడ్డీ వదల్లేదు. చేతి మీద ఒక్కటి కొట్టిన. చుట్టూ ఉన్నోళ్లు తిరిగి చూసిన్రు.

"రెండు నిమిషాలు చూసొస్తడు. ఎట్లాగూ ఖమ్మం రైలు సాయంత్రం గదా" అన్నడు మా ఆయన.

"మీ అమ్మయితే గిట్లనే నిలబడేటోళ్లా?"

ఆయనకు తల్లి లేదు. చిన్నప్పుడే పోయింది. నోరు జారినంక గానీ నాకది గుర్తు రాలేదు. ఆయన వాణ్ని ఎత్తి భుజానేసుకుని బయటికి నడిచిండు. వాడు ఆ గది వైపే మెడ తిప్పి చూస్తున్నడు.

సాయంత్రం రైలెక్కినం. ఖమ్మం నుంచి కొత్తగూడెం, అక్కణ్నుంచి పాల్వంచ దాకా బస్సు పోయింది. ముందర రోడ్డు మీదికి నీళ్లొచ్చినయని అక్కడ ఆపేసిన్రు. మిల్లులో ఆయనతో పనిచేసే ఒకాయన చుట్టాలింట్లో తలదాచుకున్నం. రెండు రోజులు. నేను గంటకోసారి బస్టాండుకు పోయి, "తొవ్వ తెరిచిన్రా?" అని అడిగేదాన్ని. అక్కడి కంట్రోలర్ నన్ను దూరం నుంచి చూడంగనే తల అడ్డంగా ఊపేటోడు.

మూడో రోజు ఒక లారీలో సారపాక చేరి, వంతెన నడిచి దాటినం. కాలనీ జనాన్ని దించిన ఒక బడిలో అమ్మ ఉంది. తరగతి గదిలో బెంచీలు జరిపి, మూలకు చాప పరుచుకుని, పక్కన గంప కింద నాలుగు కోళ్లను మూసిపెట్టుకుంది. నన్ను చూసి మొహం చిట్లించింది.

"అప్పుడే ఎందుకొచ్చిన్రు? లీవ్ ఇంకా ఉంది గదా?"

నాకు ఏడుపాగలేదు. ఆమె నా వైపు చూడకుండా మనవణ్ని దగ్గరికి గుంజుకుంది. "ఏం చూసినవ్ బిడ్డా? నీ గుర్రాలు కనబడ్డయా?"

వాడు నా వంక చూసిండు. "కనబడ్డయ్ అమ్మమ్మా. శానా ఉన్నయ్. ఒకటి పసుపుది, ఒకటి ఎర్రది. తోకలు ఒకదానికొకటి చుట్టుకున్నయ్. నన్ను చూసి దగ్గరికొచ్చినయ్." చేతుల్తో ఎంతుంటయో చూపించిండు. చుట్టుపక్కల చాపల మీది పిల్లలు కూడా వచ్చి చుట్టూ కూసున్నరు. పెద్దపిల్ల ఏదో అనబోయి, నన్ను చూసి ఆగింది. నేను కండ్లు దించుకున్న.

నీళ్లు తీసినంక కాలనీకి పోయినం. ఇంట్లో మోకాళ్లెత్తు ఒండ్రు. మంచం తలుపుకు అడ్డం పడి ఉంది. మా ఆయన ప్యాంటు మడిచి దిగిండు.

"ఆనాడు గట్ల అనాల్సింది కాదు" అన్న.

ఆయన మంచాన్ని ఒక పక్క పట్టి లేపి గోడకు ఆనిచ్చిండు. "నువ్వన్నదాంట్ల తప్పు లేదు. మా అమ్మయితే నేను ఒక్క నిమిషం గూడ ఆగేటోణ్ని కాదు" అన్నడు. "పార ఇటియ్యి."

మధ్యాహ్నం దాకా ఎత్తిపోస్తనే ఉన్నం. నడుమ నడుమ నేను పని ఆపి, కరకట్ట ఎక్కి ఏటిని చూసొస్తున్న. నీళ్లు తగ్గుతనే ఉన్నయ్. దిగొచ్చి నాలుగు తట్టలు మోసేసరికి మళ్లీ మనసొప్పదు. మళ్లీ పోయి చూస్తున్న.