మూడింటి నుంచి నాలుగు దాకా ఖాళీ

1999 ఆగస్టు. నేను సింగపూర్‌లో దిగి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో నాలుగో అంతస్తు మా ఆఫీసు. ఒక పెద్ద ఆసుపత్రిలోని రోగుల రికార్డులన్నీ పాత సిస్టం నుంచి కొత్తదానిలోకి మార్చడం మా పని. పాతదాంట్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. రెండువేల సంవత్సరం వచ్చేలోగా వాటిని నాలుగంకెలు చెయ్యాలి. వైటూకే అని లోకమంతా కంగారుపడింది దీని గురించే. నాలాంటి తెనాలి వాళ్లని విమానం ఎక్కించింది కూడా అదే.

పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆఖర్న వెళ్లేవాణ్ణి. ఏ మెయిలొచ్చినా ఆ నిమిషమే జవాబు. ఎవరు పిలిచినా చేస్తున్నది వదిలేసి పలికేవాణ్ణి. నా అంత కష్టపడేవాడు లేడని లోలోపల గర్వం.

మా టీమ్ లీడ్ నస్రీన్ మేడం. హైదరాబాద్ మలక్‌పేట ఆవిడ, నలభై దాటిన మనిషి. ఐదున్నర కొట్టేసరికి బ్యాగు భుజాన వేసుకుని వుడ్‌ల్యాండ్స్ రైలెక్కేవారు. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా కష్టమైన పని ముందేసుకుంటే ఫోన్ ఎత్తేవారు కాదు. మెయిల్ చూడ్డం రోజుకి రెండుసార్లే. మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగు దాకా ఆవిడ డైరీలో గడి ఖాళీగా ఉండేది. ఎవరూ మీటింగు పెట్టడానికి వీల్లేదు.

"ఆ గంట దేనికి మేడం?" అని ఒకసారి అడిగాను.

"ఏమొస్తదో దానికి," అన్నారు.

పెద్దవాళ్లకి అలా సాగుతుందిలే అనుకున్నాను.

ఆ నెల చివరి శుక్రవారం కటోవర్‌కి ముందురోజు. కటోవర్ అంటే పాత సిస్టం ఆపేసి కొత్తది నడపడం. పిల్లల వార్డులో మాత్రం కొత్తది అప్పటికే ప్రయోగంగా నడుస్తోంది. పదకొండింటికి ఆ వార్డు నుంచి సిస్టర్ లిమ్ ఫోన్ చేసింది.

"రవీ, ఇక్కడ ఎనిమిది నెలల పాప ఉంది. స్క్రీన్ మీద గుండెజబ్బు మందు చూపిస్తోంది. ఈ పాపకి గుండెజబ్బు లేదు లా!" మాట చివర 'లా' తగిలించడం సింగపూర్ వాళ్ల అలవాటు.

ఆ సమయానికి నేను ఒక రిపోర్టులో గళ్ల వెడల్పు సరిచేస్తున్నాను. "ఎవరో తప్పు టైప్ చేసుంటారు సిస్టర్, సోమవారం చూస్తాను," అన్నాను. వచ్చిన ప్రతి ఫోనూ పుస్తకంలో రాయాలని మేడం నియమం కాబట్టి ఒక లైను రాసి మళ్లీ గళ్లలో పడ్డాను.

మూడింటికి మేడం ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"పాపకి గుండె మందు. ఇది చూసినవా?"

"టైమ్ లేకపోయింది మేడం."

"అప్పుడేం చేస్తున్నవ్?"

చెప్పాను. ఆవిడ ముందు సిస్టర్ లిమ్‌కి ఫోన్ చేసి, స్క్రీన్ నమ్మొద్దు, కాగితం చార్టే చూడండి అన్నారు. మందు ఇవ్వలేదట. సిస్టర్‌కే నమ్మబుద్ధి కాలేదట.

తర్వాత మేడం కంప్యూటర్ ముట్టుకోలేదు. తెల్లకాగితం మీద పాప పేరు రాశారు: మహాలక్ష్మి. పుట్టిన తేదీ 01-01-99. ఆ కాగితాన్ని అలా చూస్తూ కూర్చున్నారు. పది నిమిషాలు గడిచాయి.

"రవీ, ఇప్పటి పిల్లలకి ఈ పేరు ఎవరు పెడ్తున్రు? ఎవరో పెద్దామె పేరు పెట్టిన్రేమో," అని, 99 కింద 1999 రాశారు. దాని కింద 1899 రాశారు.

ఒకే మనిషికి రెండు రికార్డులుంటే కలిపేసే ప్రోగ్రాం నేనే రాశాను. దాన్ని మెర్జ్ అంటారు. ఏ ఒక్కదానికి గుర్తింపు కార్డు నంబరు లేకపోయినా పేరూ, పుట్టిన తేదీ సరిపోతే చాలు, కలిపేస్తుంది. పాపకి ఇంకా కార్డు లేదు. పాత సిస్టంలో తండ్రి పేరుకి చోటు లేదు. సరైన తేదీ తెలియని ముసలివాళ్లకి జనవరి ఒకటి అని రాసేసేవారు. సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యకముందే నా మెర్జ్ నడిచింది. అలా నూరేళ్ల మనిషినీ ఎనిమిది నెలల పాపనీ ఒక్కరిని చేసేసింది.

మేడం ఆసుపత్రికి ఫోన్ చేసి రేపు మార్చొద్దన్నారు. అవతలి మేనేజరు కేకలు నాకు వినబడుతూనే ఉన్నాయి. "అరవండి సార్, నేను మాత్రం సంతకం పెట్టను," అని ఈవిడ గొంతు పెంచకుండా చెప్పారు. మెర్జ్ కలిపిన రికార్డుల్లో కార్డు లేనివన్నీ ప్రింట్ తీయించి, పాత ఫైళ్లతో పోల్చమని ఆసుపత్రికి పంపారు. ఇలాంటి జంటలు ఇంకా ఆరు బయటపడ్డాయి. ఐదున్నరకి బ్యాగు తీసుకున్నారు.

"ఇవాళ కూడానా మేడం?"

"ఈ టైమ్ దాటితే నా కళ్లు అబద్ధం చెప్తయ్. నీవి కూడా. ఇంటికి పో. పొద్దున తాజాగా చూద్దం."

మర్నాడు పొద్దున, నేను ముందురోజు మెర్జ్‌కి హడావిడిగా చేసిన సవరణలో ఇంకో తప్పు దొరికింది. కూర్చున్న పది నిమిషాల్లోనే దొరికింది.

రెండు వారాల తర్వాత అంతా సరిగ్గా మారింది. ఒకసారి కళ్లారా చూసుకుందామని పిల్లల వార్డుకి వెళ్లాను. పాప మంచం పక్కన చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ ఉంది. పాపకి ముత్తవ్వ. వాళ్లు ఎప్పుడో మలయా రబ్బరు తోటల రోజుల్లో వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లట. మునిమనవరాలిని చూడటానికి పై అంతస్తు గుండెజబ్బుల వార్డు నుంచి తీసుకొచ్చారు. నేనూ తెలుగువాణ్ణేనని తెలిసి ఆవిడ ముఖం విప్పారింది.

"మకాన్ అయిందా నాయనా?"

"తినలేదండీ, టైమ్ లేదు."

"నూరేండ్లు అయిపాయె, నాకే ఇంకా ఉండాది టైమ్," అని బోసినోటితో నవ్వింది. "కూచో. దీనికి నా పేరే పెట్టినారు."

కూర్చున్నాను. పాప ఆవిడ వేలు పట్టుకుని వదలడం లేదు. కాగితంలా ముడతలు పడ్డ ఆ చెయ్యి, ఇంకా గీతలైనా సరిగ్గా పడని ఆ చెయ్యి. వాటి మధ్య ఒక శతాబ్దం. నా ప్రోగ్రాం దాన్ని చెరిపేసింది. దాన్ని మళ్లీ కనిపెట్టింది, ఏ పనీ పెట్టుకోకుండా కూర్చున్న ఒక మనిషి.

రోజంతా నింపుకోవడమే టైమ్‌ని వాడుకోవడమని అప్పటిదాకా అనుకున్నాను. నిండిన రోజులో ఒక నర్సు చెప్పిన మాట పట్టడానికి చోటు లేకపోయింది. ఆ వార్డులో ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. గడియారం చూసుకోలేదు.