రెండు పేర్ల రిజిస్టరు

ఎమ్మిగనూరులో మా సంఘానికి బాప్తిస్మాల రిజిస్టరు రాసేవాణ్ణి నేనే. ఆదోని పత్తి మిల్లులో గుమస్తాగా పనిచేసిన అలవాటు. రాసిన పేరు ఎవరిదో తేలాలి. మావాళ్లకు రెండేసి పేర్లుంటాయి. బాప్తిస్మంలో పెట్టుకున్నది మందిరంలో, బడిలో రాయించినది సర్కారు కాగితాల్లో. కులం సర్టిఫికెట్టు ఆ రెండో పేరు మీద, హిందువుగానే వస్తుంది. మతం మారినట్టు తేలితే ఎస్సీ హక్కు పోతుంది. ఇది మాలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేను మాత్రం రెండు పేర్లనూ ఒకే వరసలో పక్కపక్కన రాస్తూ వచ్చాను. ఒకే బాప్తిస్మం పేరుతో అయిదారుగురున్న సంఘంలో అదే సరైన పద్ధతి అనుకున్నాను. ఆ పద్ధతిని చూసుకుని మురిసిపోయాను కూడా.

కొత్త పాస్టర్ గారు వచ్చాక ప్రసంగం మారింది. మునుపటి ఆయన ఓర్పు గురించి, పొరుగువాడి గురించి చెప్పేవారు. ఈయన ఏలుబడి గురించి చెబుతారు. లోకాన్ని ఏలే అధికారం దేవుడు విశ్వాసులకే ఇచ్చాడట. బడి, వ్యాపారం, పత్రిక, పరిపాలన అన్నీ మన చేతికి రావాలట. అంతవరకూ ప్రభువు రాజ్యం ఆగి ఉంటుందట. ఎన్నికలు దగ్గరపడేసరికి ఆ రాజ్యానికి ఒక అభ్యర్థి కూడా దొరికాడు. సభ పెట్టి, అతని తల మీద నూనె పోసి, రాజును అభిషేకించినట్టు అభిషేకించారు. నేను ముందు వరసలో ఉన్నాను. లేచి రాలేకపోయాను.

మరునాడు పాస్టర్ గారు మా ఇంటికి వచ్చారు.

"పెద్దయ్యా, మనవాళ్లు ఎంతమందో మనం అభిషేకించిన అన్నకు చూపించాలి. బాప్తిస్మం పేర్లతో వెతికితే ఓటరు లిస్టులో ఒక్కరూ దొరకడం లేదు. మీ రిజిస్టర్లో రెండు పేర్లూ ఉన్నాయంట కదా?"

"ఉండాయి. ఇచ్చేదానికి కాదు."

"దేవుని పనికి కూడా ఇవ్వరా?"

"దేవునికి లిస్టు ఏంటికయ్యా? మనోళ్లెవరో ఆయనకు తెల్దా?"

ఆయన నవ్వి వెళ్లిపోయారు. రిజిస్టరు ఉండేది మందిరం బీరువాలో. దాని తాళంచెవి నా దగ్గర ఒకటి, ఆయన దగ్గర ఒకటి.

వారం తిరక్కముందే మా సంఘంలోని ఒకామె ఫోను పట్టుకుని వచ్చింది. సంక్షేమ హాస్టల్లో వంట చేస్తుంది. ఎస్సీ కోటాలో వచ్చిన పని. చనిపోయిన భర్తను మా సమాధుల తోటలోనే పూడ్చారు. ఫోనులో నా రిజిస్టరు పేజీ ఫొటో ఉంది. అభ్యర్థి మనుషులు బూత్‌ల వారీగా పంచుకున్నదట, చేతులు మారి హాస్టలు దాకా వచ్చింది.

"ఇది నీ రాతే కదప్పా?"

"నాదేనమ్మా."

"ఆడ అందరూ సూసినారు. ఏమే, ఆదివారం ఒక మనిషివి, సోమవారం ఒక మనిషివా అని నగుతాండారు. ఒకాయప్ప పైకి అర్జీ పెడతానంటాండాడు. నా పేరు కొట్టేయప్పా."

"కొట్టేస్తే సమాధుల తోటలో నీకు జాగా ఉండదు. రిజిస్టర్లో పేరున్నోళ్లకే అని తీర్మానం ఉండాది."

"అది రాసిందెవరు?"

"నేనే."

"బతికేదానికి ఒక పేరు, సచ్చేదానికి ఒక పేరు పెట్టుకుంటిమి. రెండూ తెచ్చి ఒకసోట కట్టేస్తివి కదప్పా."

పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి అడిగాను. ప్రభువు కోసం కొంత పోగొట్టుకోవడం కూడా సాక్ష్యమే అన్నారు. పోయేది మీ పని కాదు గదయ్యా అన్నాను. ఆయన మళ్లీ నవ్వారు.

బీరువా తెరిచి ఆమె వరస తీశాను. కొట్టివేతకు తేదీ, సంతకం ఉండాలన్నది కూడా నేను పెట్టిన నియమమే. కొట్టేస్తే ఫొటో తర్వాత కొట్టినట్టు తెలుస్తుంది. భయపడి దాచారనడానికి రుజువవుతుంది. ఉంచితే రుజువు ఉండనే ఉంది. కలం మూసి బయటికి వచ్చాను.

ఆదివారం ఆమె ప్రార్థనకు రాలేదు. ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలబడి ఉంటే, రోడ్డు మీద హాస్టలు వైపు పోతూ కనిపించింది. నుదుట బొట్టు. ఇన్నేళ్లలో నేనెన్నడూ చూడనిది. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు. ఆగింది.

"మా ఆయప్ప పక్కన జాగా ఎవురికీ ఇయ్యొద్దప్పా."

సరేనన్నాను. ఆ మాట మాత్రం ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు.