ఊపిరి బిగబడితే ఆగిన గీత

గూడూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఎం.టెక్ చదువుతున్నప్పటి మాట. దగ్గర్లో ఇనుము కదిలినా అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న మార్పుని పట్టేలా, వెంట్రుకంత సన్నని అయస్కాంత తీగతో చేసే సెన్సార్‌ని మెరుగుపరచడం నా ప్రాజెక్టు. తీగను కరెంటుతో వేడిచేసి, అందులో దానంతటదే పుట్టే అలజడిని, అదే నాయిస్‌ని, తగ్గించాను. ల్యాబ్‌లో ఎప్పుడు చూసినా కంప్యూటర్ తెర మీద గీత కదలకుండా నిలిచేది.

వైవా రోజు అమ్మ పట్టుబట్టి పట్టుచీర కట్టించి పంపింది. ఎగ్జామినర్ గారి ముందు స్విచ్ వేశానో లేదో, గీత మెలికలు తిరగడం మొదలుపెట్టింది.

"ఏందమ్మా ఇది? నాయిస్ తగ్గించినానంటివి గదా!" అన్నారాయన.

భయంతో ఊపిరి బిగబట్టాను. గీత ఆగిపోయింది! ఊపిరి వదలగానే మళ్లీ లేచింది. అప్పుడు వెలిగింది నాకు. రోజూ చుడీదార్‌లో వచ్చేదాన్ని. ఆరోజు పైటకు అమ్మ గుచ్చిన ఇనుప పిన్నీసులు నా ఊపిరితో పాటు కదులుతున్నాయి.

పిన్నీసులన్నీ తీసి దూరంగా కిటికీలో పెట్టొచ్చాను. గీత కదలకుండా నిలబడింది. మళ్లీ వెళ్లి ఒక్క పిన్నీసు పట్టుకుని బల్ల దగ్గరికి వస్తుంటే, నేను చేరకముందే గీత ఎగిరింది.

"అబ్బో, ఊపిరిని కూడా పట్టేసిందే నీ తీగ!" అంటూ ఆయన లేచి చప్పట్లు కొట్టారు.

పరువు తీస్తుందనుకున్న తీగే నన్ను గెలిపించింది. మిగతా వైవా అంతా జారిపోయే పైటను ఒక చేత్తో పట్టుకునే చెప్పాను. అంత ధైర్యంగా నేనెప్పుడూ మాట్లాడలేదు.