పూనకం కాదు, ఫిట్స్

మాల వేసుకున్న మూడో రోజు పొద్దున్న, పీఠం దగ్గర హారతి పళ్ళెం నా చేతిలో గడగడలాడింది. ఆ తరువాత గుర్తు లేదు. నేను కిందపడి కొట్టుకుంటుంటే తోటి స్వాములు "స్వామి పూనాడు!" అని శరణుఘోష అందుకున్నారట. మా ఆవిడ సుజాత మాత్రం నోట్లో నురగ చూసి, "పూనకం కాదండీ, ఫిట్స్! ఆటో పిలవండి" అని అరిచింది. నా మీదికి దేవుడు రాడని ఆవిడకు బాగా తెలుసు.

పాలకొల్లులో తమ వల్ల కాదంటే రాజమండ్రి తీసుకెళ్ళారు. అక్కడి ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగారు. "తాగుడు ఎప్పుడు మానేశారండి?"

"మాల వేసుకున్న రోజేనండి."

"మరి తిండి?"

నేను నోరు తెరిచేలోగా సుజాత అంది. "అది ఎప్పుడో మానేశారండి."

నిజమే. చిన్నప్పుడు నన్ను గుమ్మడికాయ అనేవారు. పాలకొల్లులో రొయ్యల మేత అమ్ముతూ ఊరి చెరువులన్నిటికీ కడుపు నింపాను, నా కంచానికి మాత్రం భయపడ్డాను. పగలంతా పస్తు, సాయంత్రం మందు. ఏటా దీక్షలో తాగుడు ఆగేది. ఒంటిపూట భోజనానికి మెప్పూ దక్కేది. ఆ ఏడు ఒళ్ళు ఒప్పుకోలేదు. తాగుడు ఒక్కసారిగా మానితే వచ్చే విత్‌డ్రాయల్ సీజర్ అన్నారు, తిండి లేక పొటాషియం పడిపోయిందన్నారు.

డీఅడిక్షన్ సెంటర్లో గ్లాసు మాన్పించారు గానీ కంచం వైపు ఎవరూ చూడలేదు. నా ఇడ్లీలు పక్క మంచం ఆయన తిని, "మీరు దేవుడండీ" అనేవాడు. ఇంటికొచ్చాక నాలుగు ముద్దలు తింటే కడుపు నిండింది, మళ్ళీ గుమ్మడికాయనైపోతానన్న భయం. ఆ భయానికి మళ్ళీ సీసా.

చివరికి సైకియాట్రిస్టుగారు చెప్పారు. "ఈటింగ్ డిజార్డర్, అంటే తిండికి భయపడే జబ్బు కూడా ఉందండి. రెండింటికీ కలిపే వైద్యం చెయ్యాలి. ఒకటి అణిస్తే రెండోది లేస్తుంది."

"అది ఆడపిల్లల జబ్బు కదండీ?"

"జబ్బుకి ఆ పట్టింపు లేదండి."

అప్పటినుంచి మందు మానడానికి మందులు, కౌన్సెలింగ్. అయినా జారుతూనే ఉన్నాను, ఈ నెలలో కూడా. లివర్ మునుపటిలా కాదట. నయమవుతుందన్న నమ్మకం నాకు లేదు. సుజాతకూ లేదనుకుంటాను. కానీ రోజూ రెండు కంచాలు పెడుతుంది. నేను మొదటి ముద్ద తినేదాకా తనూ ముట్టదు. చాలాసార్లు ఇద్దరి అన్నమూ చల్లారిపోతుంది.

మొన్న గురుస్వామిగారు వచ్చి, "ఈ ఏడు మాల వేసుకుంటారా స్వామీ?" అన్నారు.

"డాక్టరుగారు ఒప్పుకుంటేనేనండి" అంది సుజాత.

నేను చెప్పగలిగిందీ అంతే. మీ ఇంట్లో రోజూ తాగే మనిషి దీక్ష పట్టి ఒక్కసారిగా మానేస్తానంటే, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. గ్లాసు సంగతితోపాటు కంచం సంగతీ చెప్పండి. తాగే మనిషి తనంతట తను చెప్పడు.

లోపల కంచాలు పెట్టిన చప్పుడైంది. ఆవిడ ఆకలితో ఉంటుంది. వెళ్ళాలి.