తేలురాయిని గీకిన చెయ్యి

మా వీధి చివర ఇల్లు కడుతున్నారు. తిరుపతిలో ఇల్లు కట్టని వీధి లేదు గనుక అందులో వింతేమీ లేదు. కాని రాళ్ళు కోసే మిషను మీద నీళ్ళు పోసినప్పుడు లేచే తడి రాతిపొడి వాసన కిటికీలోంచి వచ్చిందంటే, చేతిలో పని వదిలేసి తలుపులు మూసుకుంటాను. అది మా చెల్లెలు వసంత చివరి రోజు నా వేళ్ళకు అంటిన వాసన.

మా ఊరు నాగలాపురానికి అవతల. చలి మొదలయ్యే వేళకు శెనక్కాయలు పీకేవాళ్ళు. ఇంటి ముందు మట్టి వాసన వీడని చెట్ల కుప్పలు, ఉప్పువేసి ఉడికించే పచ్చికాయల ఆవిరి, అవ్వ రోట్లో నూరిన ఊరిబిండి, దాన్ని నంజుకుంటూ మింగే వేడి సంగటి, దీపావళి ఓళిగల మీద కారిన నెయ్యి, కుప్పల మీంచి దూకే పందేలు, వీటితోనే మా రోజులు గడిచేవి. అచ్చనగాండ్లలో ఆరేళ్ళ వసంత తొమ్మిదేళ్ళ నన్ను ఓడించి, "ఓడిపోయినోడు నా ఎంగిలి గిన్నె కడగల్ల!" అని ఊరంతా వినేటట్టు అరిచేది. కడిగేవాణ్ణి.

చేని గట్టు మీద తేలురాయి ఉండేది. ఎప్పుడో బావి తవ్వినప్పుడు బయటపడిన పసుపుపచ్చ పలకరాయి. దానిమీద అర్ధచంద్రం లాంటి తల, అంచున ముళ్ళున్న పొట్ట, వెనక సూదిలాంటి పొడవాటి తోక అచ్చుపడి ఉండేవి. తోక ఉంది గనుక తేలన్నారు. తేలన్నారు గనుక పసుపు పూసి దేవరను చేశారు. తేలు కుట్టినవాళ్ళను అక్కడికి తెచ్చేవాళ్ళు. విషం తోకలో ఉంటుంది గనుక తోకనే గీకాలట, తోడబుట్టినవాళ్ళే రాగి కాసుతో గీకాలట, ఆ పొడి తడిపి కుట్టినచోట రాయాలట. తేలు కుట్టినవాళ్ళలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే బతుకుతారు. ఆ పేరు రాయికి దక్కేది. చచ్చినవాళ్ళకు మాత్రం భక్తి చాలలేదు!

ఒక మధ్యాహ్నం కుప్ప కింద చెయ్యిపెట్టిన వసంతను ఎర్రతేలు కుట్టింది. కాసేపటికే ఒళ్ళంతా చెమట, చేతులు చల్లబడ్డాయి, వాంతులు. నిమ్మకాయల బేరగాడు మస్తాన్ పుత్తూరు పోయే బస్సుకు అడ్డం నిలబడి ఆపాడు.

"ఎక్కండప్పా, ఆస్పత్రికి పోదాం!"

"నీకేం తెలుసు మస్తానూ," అంది అవ్వ. "మా నాయన కాలం నుంచీ ఆ రాయే కాపాడతా ఉండాది."

"రాయి యాడికీ పోదు పెద్దమ్మా, బస్సు పోతాది!"

నాయన ఒకసారి బస్సును చూశాడు, ఒకసారి తల్లిని చూశాడు. కండక్టరు విజిల్ వేశాడు. నాయన వసంతను ఎత్తుకుని గట్టు వైపు నడిచాడు. అవ్వ నా చేతిలో కాసు పెట్టి తొందరపెట్టింది.

"బిన్నా గీకరా, తోడబుట్టినోని చెయ్యి గదా."

ఏళ్ళ తరబడి గీకగా గీకగా అప్పటికి తోక కొసమాత్రమే మిగిలి ఉంది. గీకాను. అరచేతిలోకి పొడి రాలింది. అవ్వ దాన్ని నా చేతిలోనే తడిపి వసంత వేలికి రాసింది. సాయంత్రం బస్సు వచ్చేసరికి వసంత లేదు.

రాయిని ఎవరూ తిట్టలేదు. "పిల్లోడు తానం చెయ్యకుండా గీకినాడంట" అన్నారు. కొన్నేళ్ళు నేనూ నమ్మాను. చెల్లిని చంపింది నా మురికిచెయ్యే అనుకుని, బావి దగ్గర తోలు మండేదాకా కొబ్బరిపీచుతో రుద్దుకున్నాను. తొమ్మిదేళ్ళవాడి మీద హత్యానేరం మోపి రాయిని కాపాడుకున్న ఆ భక్తిని ఈనాటికీ నేను క్షమించలేదు.

ఈమధ్య పత్రికలో కొత్తగా దొరికిన శిలాజం బొమ్మ వేశారు. గుర్రపునాడా పీతల పూర్వీకుల్లో ఒకటట. అదే తల, అవే ముళ్ళు, అదే తోక! మా చేలు సముద్రంగా ఉన్న కాలపు ప్రాణి మా గట్టు మీదే ఉండేది. ఆ తోకలో విషమే లేదు. అది వెల్లకిలా పడితే మళ్ళీ బోర్లా తిరగడానికి పనికొచ్చే కర్ర. దాని వంశంలో నేటికీ బతికున్న పీతల నీలినెత్తురుతోనే, సూదిమందులో క్రిముల విషం చేరిందేమోనని పరీక్షిస్తారు. నిజంగా వైద్యానికి పనికొచ్చే జీవిని పట్టుకుని మేం తోక గీక్కున్నాం.

కోపం ఆగక మొన్న ఊరికి పోయాను. శెనక్కాయల చేలల్లో ప్లాట్ల రాళ్ళు పాతారు. గట్టు మీద రేకుల షెడ్డు, ఇనుప కటకటాలు. లోపల రాయి మధ్య నున్నటి గుంత.

"తేలు ఏదమ్మా?" అని కాపలా ఆమెను అడిగాను.

"గుంతలోనే ఉండాది సార్. భక్తి ఉంటే కనపడతాది." పొట్లం చాపింది. "పొడి కావల్లనా?"

"ఇది ఏ రాతి పొడి?"

"యా రాయైతే ఏం సార్, దేవర ముందర పెట్టిందే గదా!"

తేలు కుట్టినవాళ్ళు ఇంకా వస్తున్నారా అని అడిగాను. పోయిన వారమే ఒక బిడ్డను తెచ్చారంది. ఆ బిడ్డ ఏమైందో ఆమెకు తెలియదు.

కటకటాల్లోంచి చెయ్యి దూర్చి తడిమాను. తల లేదు, ముళ్ళు లేవు, నేను గీకిన చోట తోక గుర్తయినా లేదు. మస్తాన్ ఆ రోజు ఒక్కమాటే తప్పు చెప్పాడు. రాయి కూడా పోయింది.