తెలిసిందంటే చెయ్యి తియ్యి

పశువుల డాక్టరు గారు పోయిన బుధవారం చనిపోయారు. నరసరావుపేటలోని నా పంక్చర్ షాపుకి కబురు వచ్చినప్పుడు, దుఃఖం కన్నా ముందు నాకు విసుగొచ్చింది. ఎనిమిది రబ్బరు సంచుల్ని తిప్పి పంపిన మనిషి, తొమ్మిదోది బాగుందో లేదో చెప్పకుండానే వెళ్ళిపోయారు.

రిటైరయ్యాక ఆయన మా ఊరు రొంపిచెర్లలో కుర్రాళ్ళకి గేదెల చూడి పరీక్ష, అంటే లోపలికి చెయ్యి పెట్టి కడుపు నిలిచిందో లేదో తెలుసుకోవడం, నేర్పేవారు. ఒకడు గట్టిగా నొక్కడంతో మా ఎదురింటి పిన్ని గేదె ఈసుకుపోయింది, కడుపులో దూడ దక్కలేదు. "మెల్లగా నొక్కమనే చెప్పా. వాడి మెల్లగా వేరు, నా మెల్లగా వేరు. చేతికే నేర్పాలయ్యా" అంటూ నా దగ్గరికి వచ్చారు. చెక్కతో గేదె వెనకభాగం చేయించారు. అందులో గర్భసంచి బదులు పెట్టడానికి, సైకిల్ ట్యూబుతో నీళ్ళ సంచి చేయడం నా పని. అది కుదిరేదాకా ఎవరూ నిజం గేదెని ముట్టుకోకూడదన్నారు.

మొదటిది చూసి, "ఏందయ్యా ఇది, లారీ టైరా?" అన్నారు. గట్టిగా నొక్కితే మోగేలా నాలుగు రోజులు కూర్చుని బజర్ పెట్టాను. "గేదె బజర్ మోగిస్తదా? పీకెయ్." టీ వచ్చేలోపే పీకేశాను. నేను మాటకారిని కాను.

మే నెల ఎండలో కూడా అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకున్నాకే సంచిని తాకేవారు. "ఇది రబ్బరు సార్" అన్నాను ఒకసారి. "చేతికి తెలవదుగా" అన్నారు.

పంక్చర్ పనివాణ్ణి, నమ్మకం కుదిరేదాకా నొక్కి చూడటం నాకు అలవాటు. నా మణికట్టు మీద ఒక్కటేసేవారు. "తెలిసిందంటే చెయ్యి తియ్యి. ఇంకాస్త చూద్దామనేవాడే దూడని చంపుతాడు."

నాలుగు నెలలు గడిచాయి. "నీ రబ్బరు గేదె ఎప్పుడు ఈనుద్ది బాబాయ్?" అని కుర్రాళ్ళు దెప్పేవారు.

చనిపోయే ముందురోజు తొమ్మిదో సంచిని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మంచం మీదే అరచేతులు రుద్దుకున్నారు. మూడు వేళ్ళు ఆనించారు. వెంటనే తీసేశారు.

"ఎట్టా ఉంది సార్?"

కళ్ళు మూసుకున్నారు. నర్సు వచ్చి పొమ్మనేదాకా, లోపల విసుక్కుంటూ నిలబడే ఉన్నాను.

చెయ్యి తీశారు కాబట్టి తెలిసిందనే అనుకుంటున్నాను. ఒక్క చుక్క నీళ్ళు తగ్గించలేదు, పెంచలేదు. సోమవారం రొంపిచెర్ల తీసుకెళ్తాను, వాల్వు దగ్గర మాత్రమే పట్టుకుని. ట్యూబులు అంటుకోకుండా రాసే తెల్లపొడిలో, ఆ నల్ల రబ్బరు మీద ఆయన మూడు వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. మొదటి కుర్రాడు చెయ్యి పెట్టగానే చెరిగిపోతాయి.